ఖరీదైన వేట తుపాకీ: అవసరమా, ఆడంబరమా?

ఏదైనా వస్తువు కొనే ముందు మనం సాధారణంగా రెండు ప్రశ్నలు వేసుకుంటాం. దీని ధర ఎంత? అంత సొమ్ము మన దగ్గర ఉందా? ఈ రెంటికీ సమాధానం దొరికితే చాలు, వస్తువు ఇంటికి వచ్చేస్తుంది. కాని విశ్వాసి వేసుకోవలసిన మూడో ప్రశ్న ఒకటుంది. ఏ పని కోసం మనం ఈ వస్తువును కొంటున్నామో, ఆ పనిని ధర్మబద్ధంగా, చక్కగా నెరవేర్చడానికి ఇది నిజంగా తోడ్పడుతుందా? ఈ మూడో ప్రశ్న వేసుకునేవారు చాలా తక్కువ. ప్రళయదినాన మాత్రం మనల్ని అడిగేది దీని గురించే. సంపదను ఎలా ఆర్జించావు, దేనికోసం ఖర్చు చేశావు అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోనిదే దాసుడు అక్కడినుంచి కదలలేడని మహాప్రవక్త (స) మనల్ని హెచ్చరించారు.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మనం ఒక ఉదాహరణ తీసుకుందాం. మన పాఠకుల్లో చాలామందికి ఇది కొత్తగా తోచవచ్చు. అది వేట తుపాకీ. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కనుక ఇక్కడి వారికి ఈ ప్రశ్న ఎదురుకాదు. కాని మన ఇళ్ళ నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడి రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకుని, నిర్ణీత కాలంలో, నిర్ణీత సంఖ్యలో జంతువులను వేటాడటం చట్టబద్ధం. హలాల్ మాంసం తామే స్వయంగా సంపాదించుకోవచ్చన్న ఆలోచనతో వేటపై ఆసక్తి చూపే ముస్లిములూ అక్కడ ఉన్నారు.

కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరంలో స్థిరపడిన ఒక తెలుగు ముస్లిం సోదరుణ్ణి ఊహించుకోండి. తోటి ఉద్యోగులు అతన్ని ఎల్క్ వేటకు పిలిచారు. ఎల్క్ అంటే మన అడవుల్లోని కణుజును పోలిన పెద్ద దుప్పి. మగది 300 కిలోలకు పైగా తూగుతుంది. అమెరికాలో ఈ దుప్పులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం కొలరాడోయే. అతను దుకాణానికి వెళ్ళాడు. ఒక తుపాకీ 500 డాలర్ల లోపే దొరుకుతోంది. పక్కనే ఉన్న మరో తుపాకీ ధర 3,000 డాలర్ల పైమాటే. అంటే మన లెక్కలో రెండున్నర లక్షల రూపాయలకు పైనే. రెండూ ఒకే తూటాను పేలుస్తాయి. రెండోది చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉంది. కొనాలా, వద్దా?

వేట గురించి ధర్మం ఏమంటోంది?

ముందు అసలు విషయం తెలుసుకుందాం. ఆహారం కోసం వేటాడటాన్ని ఇస్లాం అనుమతించింది. దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా ప్రారంభంలోనే వేటకు సంబంధించిన ఆదేశాలు ఉన్నాయి. ఇహ్రామ్ స్థితిలో వేట నిషిద్ధమని కూడా అక్కడే చెప్పబడింది. అంటే వేట అనుమతించబడిన పనే అయినా, దానికి హద్దులు ఉన్నాయి. ప్రాణమున్న జీవిని గురి చూసుకునే ఆటవస్తువుగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. వేట వెంట పడేవాడు ఏమరుపాటుకు లోనవుతాడని కూడా హెచ్చరించారు. కాబట్టి కేవలం సరదా కోసం, గోడకు కొమ్ములు తగిలించుకోవడం కోసం ప్రాణం తీయాలనుకునేవారికి తుపాకీ ధర గురించిన చర్చే అనవసరం. వారు ఆలోచించవలసింది అంతకంటే ముందున్న విషయం గురించి.

మరో ముఖ్యమైన అంశం. బాణం కొస గుచ్చుకుని చనిపోయిన జంతువుకూ, కర్ర అడ్డంగా తగిలిన దెబ్బకు చనిపోయిన జంతువుకూ తేడా ఉందని హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) ఉల్లేఖించిన హదీసు ద్వారా మనకు తెలుస్తోంది. మొదటిది తినవచ్చు, రెండోది తినకూడదు. మరి తుపాకీ తూటా ఏ కోవకు చెందుతుంది? ఈ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. అల్లాహ్ పేరు ఉచ్చరించి కాల్చినట్లయితే, శరీరంలోకి దూసుకుపోయే తూటా బాణం వంటిదేనని అరబ్బు ఉలమాలో చాలామంది అన్నారు. మన ఉపఖండంలోని హనఫీ ఉలమాలో పలువురు, జంతువు ప్రాణంతో ఉండగానే చేరుకుని జబహ్ చేస్తే తప్ప దాని మాంసం హలాల్ కాదన్నారు. వేటకు వెళ్ళదలచిన సోదరుడు తాను నమ్మే ఆలిమ్‌ను ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవాలి. తుపాకీ కొన్న తర్వాత ఫత్వా వెతుక్కోవడం తలకిందుల వ్యవహారం. తినడానికి వీలులేని మాంసం కోసం మూడు వేల డాలర్లు ఖర్చు చేయడంకంటే పెద్ద దుబారా ఏముంటుంది?

అలాగే అక్కడి చట్టాన్ని గౌరవించాలి. కొలరాడోలో 1949 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారు వేట శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్సు ఇస్తారు. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉంది. దుకాణంలో నింపే ఫారంలో అబద్ధం రాస్తే చట్టం దృష్టిలో అది నేరం, అల్లాహ్ దృష్టిలో పాపం కూడా.

తేలికదనం వల్ల లాభమేమిటి?

ఇప్పుడు వస్తువును పరిశీలిద్దాం. న్యాయంగా తీర్పు చెప్పాలంటే రెండు వైపులా వినాలి కదా!

పాత తరం వేట తుపాకులు సాధారణంగా మూడుంపావు నుంచి మూడున్నర కిలోలకు పైగా తూగేవి. వాటికి ఉక్కు గొట్టం, ఉక్కు యంత్రభాగం, వాల్‌నట్ కర్రతో చేసిన మడమ ఉండేవి. బరువు తగ్గించాలన్న ప్రయత్నంలో 1980ల నాటికే కర్రకు బదులు కృత్రిమ నారలతో మడమలు చేసే చిన్న కంపెనీలు అమెరికాలో వచ్చాయి. ఆ తర్వాత కార్బన్ ఫైబర్, టైటానియం వచ్చి చేరాయి. వెదర్‌బీ కంపెనీ 2020లో బ్యాక్‌కంట్రీ టీఐ అనే తుపాకీని విడుదల చేసింది. దాని యంత్రభాగం టైటానియంతో, మడమ కార్బన్ ఫైబర్‌తో చేశారు. గొట్టంపై పొడవునా చాళ్ళు తీసి బరువు తగ్గించారు. దుర్భిణి లేకుండా అది సుమారు 2.2 కిలోలు ఉంటుంది. అప్పట్లో దాని జాబితా ధర 3,349 డాలర్లు.

ఈ తేలికదనం బూటకమేమీ కాదు. రాకీ పర్వతాల్లో ఎల్క్ వేటంటే 3,000 మీటర్ల ఎత్తున కొండలెక్కి దిగడం. ఆ ఎత్తులో గాలి పలుచన. సముద్రమట్టం దగ్గర మనకు అందే ప్రాణవాయువులో మూడో వంతు దాకా అక్కడ తక్కువగా అందుతుంది. గుడారం, నీళ్ళు, ఆహారం, బట్టలు వీపున మోస్తూ రోజుల తరబడి నడవాలి. అలసిన చేయి వణుకుతుంది. వణికే చేతితో పేల్చిన తూటా తప్పు చోట తగులుతుంది. యాభై ఏళ్ళు దాటినవారికి, భుజం నొప్పి ఉన్నవారికి కిలో బరువు తగ్గినా పెద్ద ఊరటే. అలాంటివారు తేలికైన పనిముట్టు కోరుకుంటే దాన్ని విలాసమని తోసిపుచ్చడం అన్యాయం. మంచి వస్తువు వాడుకోవడాన్ని ఇస్లాం నిషేధించలేదు. తాను ప్రసాదించిన అనుగ్రహపు జాడ తన దాసునిపై కనిపించడం అల్లాహ్‌కు ఇష్టమని హదీసులో ఉంది.

తేలికదనానికి చెల్లించే మూల్యం

అయితే ఇదే కంపెనీల పోటీ మార్కెట్‌లో మరో సంగతి గమనించండి. రూగర్ కంపెనీ 2012లో అమెరికన్ అనే తుపాకీని తెచ్చింది. అప్పట్లో దాని జాబితా ధర 449 డాలర్లు. బరువు సుమారు 2.8 కిలోలు. ఆ తర్వాత ధరలు పెరిగాయి. కాని పోలిక స్పష్టంగానే ఉంది. సుమారు 2,900 డాలర్లు అదనంగా చెల్లిస్తే తగ్గే బరువు సుమారు 600 గ్రాములు. అంటే అరలీటరు నీళ్ళ సీసా బరువుకంటే కాస్త ఎక్కువ.

ఈ 600 గ్రాములు తగ్గడం వల్ల నష్టం కూడా ఉంది. తుపాకీ పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తంతుంది. తూటా, మందు ఒకటే అయినప్పుడు తుపాకీ ఎంత తేలికైతే తన్ను అంత గట్టిగా ఉంటుంది. రెండింటికీ అర కిలో దుర్భిణి బిగించామనుకుందాం. ఒకటి 2.7 కిలోలు, మరొకటి 3.3 కిలోలు. లెక్క వేస్తే తేలికదాని తన్నులోని శక్తి అయిదో వంతుకు పైగా ఎక్కువ. దుర్భిణితో కలిపి నాలుగు కిలోలుండే పాత తుపాకీతో పోలిస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు. తన్నుకు భయపడినవాడు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో తెలియకుండానే ఉలిక్కిపడతాడు. గురి తప్పేది అక్కడే. పైగా బరువైన గొట్టం చేతిలో నిలకడగా ఉంటుంది. తేలికది గాలికీ, ఊపిరికీ ఊగుతుంది. సన్నని గొట్టం నాలుగైదు సార్లు కాల్చేసరికే వేడెక్కుతుంది. వేటలో ఒక్క తూటాతో పని ముగించగలవాడికి ఇది సమస్య కాదు. సాధన చేసేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఆగి చల్లారనివ్వాలి.

తన్ను గట్టిగా ఉంటే సాధన మీద కూడా అయిష్టత పెరుగుతుంది. అలా ఖరీదైన తుపాకీ కొన్నవాడు ఏడాది పొడవునా దాన్ని బీరువాలో దాచి, వేట రోజున మాత్రమే బయటికి తీసే ప్రమాదం ఉంది. తేలిక తుపాకీ నడిచేవాడికి సాయం చేస్తుంది. పేల్చేవాడి నుంచి మాత్రం మరింత నైపుణ్యం కోరుతుంది. అంగడిలో ఈ రెండో మాట చెప్పేవారు అరుదు.

మూగజీవి హక్కు

ఇక్కడే మన చర్చకు మూలమైన విషయం ఉంది. ఈ కొనుగోలులో కొనేవాడు, అమ్మేవాడు అని ఇద్దరే ఉన్నారనుకుంటాం. మూడో పక్షం ఒకటుంది. అది ఆ జంతువు. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఉత్తమ రీతిని విధించాడనీ, జబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించాలనీ దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించారు. ఇంట్లో మేకను జబహ్ చేసేవాడు కత్తి విషయంలో ఎంత జాగ్రత్త వహించాలో, అడవిలో 200 మీటర్ల దూరం నుంచి తూటా పేల్చేవాడు గురి విషయంలో అంతకు మించిన జాగ్రత్త వహించాలి. కత్తి చేతిలోనే ఉంటుంది. తూటా చేయి దాటిపోతుంది.

గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోట తగిలితే ఎల్క్ కొద్దిసేపట్లోనే పడిపోతుంది. పొట్టలోనో, కాలిలోనో తగిలితే లోయలోకి పారిపోయి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి విలవిలలాడుతుంది. వేటగాడికి దొరకదు. మాంసం ఎవరికీ దక్కదు. ఆ బాధకు జవాబుదారీ ఎవరు? తుపాకీ ధర ఎంతైనా, దాన్ని తయారుచేసిన కంపెనీ ఏదైనా, జవాబు చెప్పుకోవలసింది ట్రిగ్గర్ నొక్కిన చేయే.

కాబట్టి ఈ తుపాకీ విలువను కొలవడానికి సరైన కొలమానం ఇదే. దీన్ని కొనడం వల్ల జంతువుకు బాధ తగ్గుతుందా, పెరుగుతుందా? ఒక సోదరుడు కొండలెక్కి అలసిపోవడం వల్లనే గురి తప్పుతున్నట్లయితే, తేలిక తుపాకీ ఆ జంతువుకు మేలు చేస్తుంది. సాధన లేక గురి తప్పుతున్నట్లయితే, అదే తుపాకీ కీడు చేస్తుంది. అతనికి కావలసింది సాధన. 20 తూటాల పెట్టె 50 డాలర్లనుకున్నా, ఆ 2,900 డాలర్లతో 58 పెట్టెలు వస్తాయి. అంటే 1,160 తూటాలు. శిక్షకుని దగ్గర పద్ధతి నేర్చుకుని అందులో నాలుగో వంతు కాల్చినా అతని చేయి మెరుగుపడుతుంది.

ఇంకో మాట. ఎల్క్ పడిపోయాక అసలు మోత మొదలవుతుంది. ఎముకలు తీసేసినా పెద్ద మగ ఎల్క్ మాంసం 90 కిలోల దాకా ఉంటుంది. 30 కిలోల చొప్పున మోసినా మూడుసార్లు కొండ ఎక్కి దిగాలి. తినదగిన మాంసాన్ని అడవిలో వృథాగా వదిలేయడాన్ని కొలరాడో చట్టం నేరంగా పరిగణిస్తుంది. మన ధర్మం కూడా అదే చెబుతోంది. 600 గ్రాములు బరువనిపించేవాడు 90 కిలోలు ఎలా మోస్తాడు? వేటకు ఆరు నెలల ముందునుంచే రోజూ నడిచి, మెట్లెక్కి శరీరాన్ని సిద్ధం చేసుకునేవాడికి పైసా ఖర్చు లేకుండానే ఈ సమస్య చాలావరకు తీరిపోతుంది.

సొమ్ముపై ఎవరెవరికి హక్కుంది?

అల్లాహ్ మనకిచ్చిన సంపద పూర్తిగా మన ఒక్కరిదే కాదు. అందులో మొదట జకాత్ హక్కు ఉంది. తర్వాత అప్పులవాళ్ళ హక్కు. భార్యాబిడ్డల హక్కు. స్వదేశంలో మందుల ఖర్చుకు ఎదురుచూసే తల్లిదండ్రుల హక్కు. చదువు మధ్యలో ఆగిపోయిన బంధువుల పిల్లల హక్కు. ఖర్చు విషయంలో దుబారాకు గాని, పిసినారితనానికి గాని పోకుండా మధ్యస్థంగా ఉండేవారిని దివ్య ఖుర్ఆన్ ప్రశంసించింది. అదే ఖుర్ఆన్ దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొంది.

ఈ హక్కులన్నీ తీర్చిన తర్వాత మిగిలిన సొమ్ముతో మంచి పనిముట్టు కొనుక్కుంటే తప్పులేదు. కాని క్రెడిట్ కార్డు మీద కొని నెలనెలా వడ్డీ కట్టుకుంటూ, పై హక్కులను వెనక్కి నెట్టి కొంటే అది నిస్సందేహంగా అన్యాయం. ఇంట్లో చిన్నపిల్లలుంటే తుపాకీకంటే ముందు దాన్ని భద్రంగా తాళం వేసి ఉంచే ఇనుప పెట్టె కొనాలి. సోదరునివైపు ఆయుధం చూపడాన్ని సైతం వారించిన ప్రవక్త (స) అనుచర సమాజం మనది. ఆయుధాన్ని నిర్లక్ష్యంగా వదిలేయడం మనకు ఏ విధంగానూ తగదు.

కొందరు మరో వాదన తెస్తారు. తుపాకుల అమ్మకంపై వచ్చే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళుతుంది కదా, ఖరీదైనది కొంటే అది కూడా పుణ్యమే కదా అంటారు. 1937 నాటి అమెరికా చట్టం ప్రకారం వేట తుపాకులపై 11 శాతం పన్ను నిజంగానే ఆ పనికి వెళుతోంది. ఇది మంచి ఏర్పాటే. కాని చవక తుపాకీపై కూడా ఆ పన్ను ఉంది. వన్యప్రాణుల మేలు కోరేవాడు మిగిలిన సొమ్మును నేరుగా వాటి కోసం దానం చేయవచ్చు. తన కోరికకు పుణ్యం ముసుగు తొడగడం తనను తాను మోసగించుకోవడమే.

ఇంకొందరు, ఇది జీవితాంతం మన్నుతుంది, కొడుకులకూ మనవళ్ళకూ పనికొస్తుంది అంటారు. నిజమే. ఏడాదికి అయిదు రోజుల చొప్పున ఇరవై ఏళ్ళు వాడితే వంద రోజులు. రోజుకు 33 డాలర్లు. ఇదేమీ మితిమీరిన ఖర్చు కాదు. కాని ఆ చవక తుపాకీ కూడా జాగ్రత్తగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు మన్నుతుంది. పైగా ఏటా అయిదు రోజులు కొండల్లో గడుపుతానన్న మాట నిజమో కాదో, కొన్న మరుసటి ఏడాదే తేలిపోతుంది.

సంకల్పాన్ని పరీక్షించుకోవాలి

కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయి. అందువల్ల ఆ సోదరుడు తన మనసును నిజాయితీగా ఇలా ప్రశ్నించుకోవాలి. ఈ తుపాకీపై కంపెనీ పేరు లేకపోయినా, దీని ధర ఎవరికీ తెలియకపోయినా, వేటలో నేను ఒంటరిగా ఉన్నా, దీన్నే కొంటానా? అవునన్న సమాధానం వస్తే అది అవసరానికి దగ్గరగా ఉన్నట్లు. తోటివాళ్ళు చూసి మెచ్చుకోవాలన్న కోరిక ఏ మూలనైనా కనిపిస్తే ఆగిపోవాలి. ప్రదర్శనాబుద్ధి నమాజును సైతం పాడుచేస్తుంది. ఇక తుపాకీ ఎంత!

మరి మన తీర్పు ఏమిటి? మొదటిసారి వేటకు వెళ్ళేవాడు దీన్ని కొనకూడదు. చవకదానితో రెండు మూడేళ్ళు సాధన చేయాలి. తనకు అడవి నచ్చుతుందో లేదో, మాంసం మోయగలడో లేదో తెలుసుకోవాలి. చెట్టుపై మంచె కట్టుకుని, వాహనం దిగి కొద్ది దూరమే నడిచి వేటాడేవారికి తేలికదనంతో పనే లేదు. నిలకడగా ఉండే బరువైన తుపాకీయే వారికి మేలు. ఏటా రోజుల తరబడి ఎత్తైన కొండల్లో నడిచేవాడు, సాధనలో స్థిరపడినవాడు, వయసు వల్లనో అనారోగ్యం వల్లనో బరువు మోయలేనివాడు, పైన చెప్పిన హక్కులన్నీ తీర్చినవాడు కొనుక్కోవచ్చు. అతని విషయంలో అది దుబారా కాదు. ఒకే వస్తువు, ఒకే ధర. ఒకరికి అవసరం, మరొకరికి ఆడంబరం. తేడా వస్తువులో లేదు, కొనేవారి స్థితిలో ఉంది.

మనలో తుపాకీ కొనేవారు ఎవరూ ఉండకపోవచ్చు. కాని ఖరీదైన సెల్‌ఫోన్, మోటారు సైకిల్, పెళ్ళిబట్టలు కొనేవారు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. అక్కడ కూడా ఇదే కొలమానం వర్తిస్తుంది. అదనంగా చెల్లించే సొమ్ముకు సరిగ్గా ఏమి వస్తోంది, దానివల్ల ఎవరికి మేలు, ఎవరి హక్కు వెనక్కి పోతోంది అని కుటుంబమంతా కూర్చుని ఒక్కసారి లెక్క వేసుకుంటే చాలు, అంగట్లో చేయవలసిన నిర్ణయం ఇంట్లోనే అయిపోతుంది.

అల్లాహ్ మనకు హలాల్ సంపాదననూ, దాన్ని సరైన మార్గంలో ఖర్చు చేసే వివేకాన్నీ, మూగజీవుల పట్ల కరుణనూ ప్రసాదించుగాక! ఆమీన్.